పెద్దలిచ్చిన తుపాకి - దాని రక్షణధర్మము

(సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, బాలబాలికల వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయముల తగ్గింపును గూర్చియు నీ వేదికనుండి పెద్దలు మాటాడియున్నారు. మాకు నియమింపబడిన విషయము వానితో బోల్చిన జిన్నదిగా దోచును. కాని మనలో ననేకకుటుంబములయందు అది యింటినడుమనే యున్నది. అటకమీదనో, ధాన్యపుకొట్టు మూలనో, దేవునిగది గోడకో యానుకొని, యెవరికంటను బడక కాలము గడుపుచున్నది. తాతగారినాటి తుపాకినెట్లు కాపాడవలయును, దానివలన నింటివారినెట్లు కాపాడవలయును అనునదియే నేటి ప్రసంగవిషయము.

జీవితమంతయు బిల్లలకు శబ్దములును, సమాసములును, అమరమును జెప్పిన యుపాధ్యాయునకు దుపాకితో బనియేమని యెవరైన నడుగవచ్చును. మా పితామహులు గ్రామమునసబుగా నుండి విడిచిన జంటగొట్టముల తుపాకి మా తండ్రిగారికిని, వారు 1993లో దివంగతులైన పిదప మాకును సంక్రమించినది. నాటినుండియు దానిని దుడుచుచు, దాని పత్రములను నడపుచున్నది మేమే. ఆ యనుభవమును, ఆ విద్య నెఱిగిన పనివారివలనను చట్టగ్రంథములవలనను గ్రహించినదానిని తమకు విన్నవింతుము.

మొదట నామవిచారము. ఇది మాకు బోధనవృత్తివలన నలవడిన గుణము, తాము మన్నింపవలయును. తుపాకి యనునది సంస్కృతభవము గాదు. తురుష్కభాషలోని తుఫెక్, పారసీకములోని తుఫంగ్ అను మాటలకిది బంధువు. బందూకు అరబ్బీనుండి వచ్చినది. శుక్రనీతియందు నాళికాస్త్రమును, అగ్నిచూర్ణమును వర్ణింపబడిన మాట నిజమే. కాని యా భాగము మిక్కిలి యర్వాచీనమని పరిశోధకులు పలువురు తలంచుచున్నారు. కావున ద్రేతాయుగముననే మనవారు తుపాకులు కాల్చిరని సభలలో జెప్పి చప్పట్లు కొట్టించుకొనుట పండితులకు దగదు. తుపాకి బయటినుండి మన దేశమునకు వచ్చినది. వచ్చి మన చరిత్రలో గలిసినది. 1757 జనవరి 24వ తేదిని బొబ్బిలికోటయొద్ద మ్రోగినది తుపాకియే. 1922 ఆగస్టు 22, 23, 24 తేదులలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి కొనిపోయినవియు దుపాకులే.

మన తాతలచేతికి తుపాకి వచ్చిన విధమును గూడ నిర్మొగమాటముగా జెప్పుకొనవలయును. లిట్టన్ ప్రభువు రాజప్రతినిధిగా నున్న దినములలో, 1878లో, ఆయుధచట్టమొకటి పుట్టినది. దానివలన దేశీయుడు తుపాకి నుంచుకొనవలెనన్న లైసెన్సు కావలసివచ్చెను. ఐరోపీయులకు మాత్రము నాడు మినహాయింపుండెను. కోట్లకొలది ప్రజలు నిరాయుధులై యుండగా, సర్కారువారి నమ్మకమునకు బాత్రులైన జమీందారులకును, మునసబులకును, భూస్వాములకును లైసెన్సు దొరకెను. ఊరిలో నొక యింటనే తుపాకి యుండెననగా నది కొంత గౌరవము, కొంత రాజభక్తి గుర్తు. పందులనుండి చేలను, దొంగలనుండి యూరిని అది కాపాడిన మాటయు నిజమే. దానిని జూచి పేదలు జంకిన మాటయు నిజమే. రెండును మన వారసత్వమే. ఒకదానిని జ్ఞాపకముంచుకొని రెండవదానిని మఱచుట న్యాయము గాదు.

ఇక ధర్మవిచారము. శ్రీమద్రామాయణమున నరణ్యకాండయందు సీతాదేవి రామచంద్రునకు జెప్పిన కథ తమకు దెలిసినదే. ఒక పుణ్యవనమున ముని యొకడు తపస్సు చేసికొనుచుండెను. ఇంద్రుడు భటవేషమున వచ్చి తన ఖడ్గము నతనికడ న్యాసముగా నుంచి పోయెను. అది యెక్కడ బోవునోయను భయముచే ముని ఫలమూలములకు బోవునపుడును దానిని విడువక చేతబట్టుకొని పోయెను. నిత్యసాన్నిధ్యముచే గ్రమముగా నతని బుద్ధి క్రూరమై, తపస్సు చెడి, యధోగతి ప్రాప్తించెను. ఈ కథలో రెండు సత్యములున్నవి. న్యాసమును గాపాడుట ధర్మము. ఆయుధసాన్నిధ్యము మనస్సును మార్చును. తాతగారి తుపాకియు న్యాసమే. అది మన యార్జితము గాదు. మనకు ముందువారు మనచేత బెట్టిరి, మన తరువాతివారికి మనమొప్పగింపవలయును. నడుమనున్న కాలమున దానిని చెడనీయరాదు, దానివలన మనము చెడరాదు.

విరాటపర్వమున బాండవులు తమ యాయుధములను జమ్మిచెట్టుపై దాచిన తీరును గూడ స్మరింపుడు. వింటినారులను విప్పిరి, ఆయుధములను జుట్టి కట్టిరి, వాన తగులని చోట భద్రపఱచిరి, ఎవరును దరిజేరకుండ బీనుగు నొకదానిని గట్టిరి. విప్పి యుంచుట, తడి తగులనీయకుండుట, పరులకందకుండ జేయుట - ఈ మూడును నేటి తుపాకిరక్షణకును మూలసూత్రములే.

ఈ సూత్రములలో నన్నిటికి మొదటిది ప్రాణరక్షణము. వట్టి తుపాకి యను మాటను నమ్మరాదు. తుపాకి చేతికి వచ్చినప్పుడెల్ల నది నిండియున్నదనియే తలంచి, నోరు మనుష్యులులేని దిక్కునకు ద్రిప్పి, వ్రేలిని మీటకు దూరముగా నుంచి, తెఱచి చూడవలయును. తోటాతుపాకియైన మడచి చూచిన గొట్టములు రెండును దెలిసిపోవును. నోటినుండి మందు గూరు పాతతుపాకి యట్లు గాదు. దానిలో మందును, గుండ్లును నున్నవో లేవో పైకి గానరాదు. తడి చేరని తుపాకిమందు పదులకొలది యేండ్లైనను శక్తి గోల్పోదు. మేమెఱిగిన యొక గ్రామమున నిల్లు సున్నము వేయునపుడు అటకమీదినుండి దించిన ముత్తాతనాటి తుపాకి, అందఱును వట్టిదని నమ్మినది, పిల్లవాడు గుఱ్ఱమును లాగి విడువగనే ప్రేలినది. గుండ్లు దూలమునకు దగిలినవి. ఆ పిల్లవాని తల్లి దూలమునకు మూరెడు దూరమున నిలిచియుండెను. ఆ యింట మందు గూరినవాడు మరణించి రెండు తరములైనను అతడుంచిన మందు మరణింపలేదు.

దీనిని దెలిసికొను నుపాయము సులభము. గజమును నోటినుండి మెల్లగా దిగవిడిచి, యెంత దిగినదో గుర్తు పెట్టుడు. ఆ కొలతనే గొట్టము వెలుపల బెట్టి చూడుడు. గజము రంజకపు రంధ్రముదాక దిగక వెనుకనే యాగినయెడల లోపల నేదియో యున్నదనియే యర్థము. అట్టిదానిని మనము తీయ బూనరాదు. కాల్చియు జూడరాదు. తెలిసిన పనివాడు వచ్చువఱకు దానిని గదలింపక, పిల్లల నా గదికి రానీయక యుంచుడు. తాతగారు విడిచిన పాత కాగితపుతోటాలను గూడ వాడరాదు. వానలకు బొంగి చెడినవి గొట్టమున నిరుకుకొనును. వానిని లైసెన్సుగల వర్తకునకో ఠాణాకో యొప్పగింపవలయును.

రెండవది తుపాకి నెఱుగుట. మన యిండ్లలో నున్న పాతతుపాకులలో బెక్కు ‘పండ్రెండు బోరు’ జంటగొట్టములవి. ఈ పండ్రెండు అంగుళములు గావు. ఒక పౌను సీసమును సమానమైన పండ్రెండు గుండ్లుగా బోసిన, నొక్కొక్క గుండు సరిగా బట్టు గొట్టము పండ్రెండు బోరు. దాని వ్యాసము సుమారు 18.5 మిల్లీమీటరులు. కావుననే పదునాఱు బోరు పండ్రెండుకంటె సన్నము. సంఖ్య పెరిగినకొలది గొట్టము తగ్గును. విద్యార్థులకు విలోమానుపాతమును బోధించుటకు నింతకంటె మంచి యుదాహరణము మాకు దొరకలేదు.

పలకపై జెక్కిన పేరును జూచి యదియే చేసినవాని పేరని భ్రమింపరాదు. మద్రాసున పి. ఆర్ అండ్ సన్స్, కలకత్తాలో మ్యాంటన్, రోడా మొదలగు వర్తకులు తుపాకులమ్ముచుండిరి. వానిలో ననేకము లింగ్లండునందలి బర్మింగుహాము పనివారు చేసినవి. ఈ రోడా సంస్థవారి పెట్టెలనుండియే 1914 ఆగస్టు 26వ తేదిని వంగవిప్లవకారులు పిస్తోళ్ళ నపహరించిరి. గొట్టములను విడదీసి యడుగున జూచిన, చిన్న కిరీటములతో గూడిన ముద్రలు గానవచ్చును. ఇవి పరీక్షాముద్రలు. లండనునందు తుపాకిపనివారి సంఘమునకు 1637లో రాజశాసనము లభించెను. బర్మింగుహామున 1813లో బరీక్షాశాల యేర్పడెను. అచట బ్రతి గొట్టమును మితికి మించిన మందుతో బేల్చి, నిలిచినదానికే ముద్ర వేయుదురు. మన పరీక్షలలో నుత్తీర్ణతాపత్రము వంటిదే యిది.

ఆ పత్రమును జదువుట ప్రాణావసరము. పూర్వపు మందు పొగమందు. పందొమ్మిదవ శతాబ్దాంతమున పొగలేని మందు వ్యాపించినది. కిరీటము క్రింద ‘ఎన్.పి.’ యను నక్షరములున్న బర్మింగుహాము గొట్టము పొగలేని మందునకు బరీక్షింపబడినది. 1904 నియమములనాటినుండి యీ ముద్ర గలదు. అట్టి ముద్రలేని గొట్టము పొగమందునకే చేయబడినదని తలంచి, నేటి తోటాను దానిలో బెట్టరాదు. మఱియొక సూక్ష్మము. ఆ కాలపు గొట్టములలో దోటా గూర్చుండు గూడు తఱుచుగా రెండున్నర యంగుళములు, అనగా 65 మిల్లీమీటరులు. నేటి తోటాలు సామాన్యముగా 70 మిల్లీమీటరులవి. కాల్పని తోటా కొంచెము పొట్టిగా నుండుటచే గూటిలో బట్టును. ప్రేలినప్పుడు దాని నోరు విచ్చుకొనుటకు జోటు చాలక పీడనము హెచ్చును. ‘లోపలికి బోయినది గదా’ యను నూహ యీ విషయమున మిక్కిలి ప్రమాదకరము.

కొన్ని తుపాకుల గొట్టములపై నీటిసుడులవంటి యందమైన రేఖలుండును. వీనిని డమాస్కసు గొట్టములందురు. ఇనుపపట్టీలను, ఉక్కుపట్టీలను గలిపి మెలిపెట్టి, కడ్డీచుట్టును జుట్టి, కాచి యతుకుటచే నా రేఖలేర్పడును. ఇచట మన తెలుగునాటి కొక సంబంధము గలదు. డమాస్కసు ఖడ్గములకు బ్రసిద్ధి దెచ్చిన మూసయుక్కు దక్షిణదేశమునుండి యెగుమతియైనది. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము దానికి బేరు వడసిన చోటు. కాని తుపాకిగొట్టముల రేఖలు పట్టీల యతుకువలన వచ్చినవి. మన మూసయుక్కు రేఖలు లోహముయొక్క స్వభావమువలన వచ్చినవి. పేరొక్కటియైనను వస్తువులు వేఱు. డమాస్కసు గొట్టములలో యతుకులనడుమ గంటికి గానని తుప్పు చేరవచ్చును. వానిని గాల్చక చూచి యానందించుటయే మేలు.

గొట్టముల యారోగ్యమునకు మా పనివాడు నేర్పిన పరీక్ష యొకటి చెప్పుదుము. గొట్టములను దుపాకినుండి విడదీసి, కొక్కెమును వ్రేలికి దగిలించి వ్రేలాడదీసి, గోటితో మెల్లగా దట్టవలయును. ఘంటవలె మ్రోగిన నతుకులు గట్టిగా నున్నవి. పగిలిన కుండవలె బలికిన నడుమపట్టీ యూడినదని యర్థము. ఇది ప్రథమపరీక్ష మాత్రమే. గొట్టపు మందమును గొలుచుట, లోని గుంటలను జూచుట సాధనములు గల పనివాని కార్యము. ఆ పనివాడు లైసెన్సుగలవాడై యుండవలయును. తుపాకిని బాగుచేయుటకును జట్టమున లైసెన్సు కావలయును. ఊరి కమ్మరిచే నతికింపించుట యతనికిని మనకును నేరమే. గొట్టమును గోసి పొట్టి చేయించుటయు నట్టిదే.

మూడవది నిత్యరక్షణము. తుపాకికి ముఖ్యశత్రువులు మూడు: తడి, చెమట, అతిశ్రద్ధ. మొదటి రెండింటినందఱు నెఱుగుదురు. చేతిచెమటయందలి యుప్పు ఒక్క రాత్రిలో వ్రేలిముద్రను తుప్పుగా మార్చును. కావున నతిథులు ముట్టిచూచిన పిదప వెంటనే తుడువవలయును. పొగమందు కాల్చిన మసి గాలిలోని తడిని బీల్చును. అది నీట గరుగును గాని నూనెలో గరుగదు. పొగమందు కాల్చిన గొట్టమును మొదట వేడినీటితో గడిగి, బాగుగ నాఱబెట్టి, పిదపనే నూనె రాయవలయును. మసిపై నూనె రాచిన, దుప్పునకు దుప్పటి కప్పినట్లగును. గొట్టమును వెనుకవైపునుండి నోటివైపునకు, ఇత్తడితీగల కుంచెతోను, ఆ పిమ్మట మెత్తని ఫ్లానెలుగుడ్డతోను దుడువవలయును. చివర నూనె పలుచని పొరగా నుండిన జాలును.

నూనె యనగా నేది? మన యిండ్లలో గొబ్బరినూనెయు, నువ్వులనూనెయు, ఆముదమును రాచు నాచారము గలదు. ఈ గింజనూనెలు కాలక్రమమున జిక్కబడి, జిగురై, ధూళిని బట్టి, లోని కమ్ములను గదలనీయవు. తుపాకికొఱకు జేసిన ఖనిజతైలమైనను, అది దొరకనిచో కుట్టుయంత్రపు నూనెయైనను వాడుడు. ఎక్కువ వాడకుడు. తుపాకిని నిలువుగా బెట్టిన నెక్కువైన నూనె క్రిందికి జాఱి మడమకొయ్య తలలో నింకును. ఏండ్లు గడిచిన గొయ్య మెత్తబడి, ఇనుము దానిలో గదలును. నూనె రాచిన మఱునాడు నోరు క్రిందుగా గొంతసేపుంచిన నీ దోషము రాదు. మడమకొయ్య సామాన్యముగా నక్షోటవృక్షపుది, అనగా వాల్‌నట్ కొయ్య. దానికి రంగునూనె పూయింపరాదు. ఉడికించిన యవిసెనూనెను రెండు మూడు చుక్కలు వేసి, యరచేతితో వేడిపుట్టువఱకు రుద్ది, మిగిలినది తుడిచివేసిన జాలును. సంవత్సరమున కొకసారి చేసిన గొయ్యకు నిగ్గు వచ్చును.

అతిశ్రద్ధ యను శత్రువును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. మన యిండ్లలో బాడైన తుపాకులలో బెక్కు నిర్లక్ష్యముచే గాక ప్రేమచే బాడైనవి. పండుగకు ఇత్తడిచెంబులతో బాటు తుపాకిని గూడ జింతపండును బూడిదయు బెట్టి తోముదురు. చింతపండు పులుపు తుప్పునే గాక, పనివాడు శ్రమపడి పట్టించిన గోధుమరంగు పొరను గూడ గొనిపోవును. ఆ పొరయే గొట్టమునకు గవచము. ఉప్పుకాగితముతోను ఇటుకపొడితోను రుద్దిన, జెక్కడపు పూవులును, బరీక్షాముద్రలును అఱిగిపోవును; ముద్ర పోయిన తుపాకికి వంశవృక్షము పోయినట్లే. ఎఱ్ఱతుప్పు చేరినచోట నూనె వేసి నానబెట్టి, గరుకుగుడ్డతో మెల్లమెల్లగా రుద్దుడు. అంతటితో బోనిది పనివానికి విడువుడు.

మహానవమినాటి యాయుధపూజ మన యిండ్లలో దప్పక జరుగునది, జరుగవలసినదే. కాని తడికుంకుమ, పసుపు, నిమ్మరసము ఇనుముపై రాత్రియంతయు నిలిచినయెడల మఱునాటికి మచ్చ పడును. నిమ్మపండును గోసి గొట్టముపై బిండుట పూజ గాదు, పులుపుతో దినిపించుట. పీటపై వస్త్రము పఱచి, తుపాకి నా వస్త్రముపై నుంచి, పసుపుకుంకుమలను పీటకు నలంకరింపుడు; అక్షతలను బూవులను బొడిగా సమర్పింపుడు; పూజానంతరము వెంటనే తుడిచి నూనె రాయుడు. దేవత పీటపై బెట్టిన బొట్టును స్వీకరింపదా?

నిలువ చేయు చోటును గూర్చి రెండు మాటలు. తాతగారి తోలుపెట్టె యెంత సుందరమైనను నందులో దుపాకిని నెలలకొలది యుంచరాదు. తోలు తడిని బట్టి యుంచును. గొట్టములను, మడమను విడదీసి, పలుచని నూలుగుడ్డ చుట్టి, తాళముగల యినుపబీరువాలో నుంచుడు. సిలికా జెల్ పొట్లములు రెండు మూడు పెట్టి, యవి తడిసినప్పుడు మార్చుడు. వర్షర్తువున బదునైదు దినముల కొకసారి తీసి చూడుడు. తోటాలు వేఱొక పెట్టెలో, వేఱొక తాళము క్రింద నుండవలయును. తాళపుచెవులు పిల్లలెఱిగిన చోట నుండరాదు. వట్టి గుఱ్ఱములను లాగి విడుచుట వినోదమనుకొందురు. దానివలన లోని సూదులు విఱుగును.

నాల్గవది, చట్టము. 1878 చట్టము పోయినది. 1959లో జేయబడిన యాయుధచట్టము 1962 అక్టోబరు 1వ తేదినుండి యమలునకు వచ్చినది. 2016లో గ్రొత్తనియమములును, 2019లో సవరణయు వచ్చినవి. వీనిలో వారసులకు ముఖ్యమైన మాటలివి. లైసెన్సు వ్యక్తిది, తుపాకిది గాదు, ఇంటిది గాదు. లైసెన్సుదారుడు మరణించిననాడే యింటనున్న తుపాకి లైసెన్సులేని తుపాకి యగును. కర్మకాండలైన పిదప జూతములెండని యుపేక్షింపరాదు. తడవు సేయక సమీపపు ఠాణాలోనో, లైసెన్సుగల వర్తకునికడనో యుంచి రసీదు పుచ్చుకొని, పిదప వారసుని పేర లైసెన్సునకు దరఖాస్తు చేయవలయును. అటకమీద మఱచిన తుపాకికి మఱపు క్షమాపణము గాదు. లైసెన్సు లేక యుంచుకొన్నందులకు 2019 సవరణప్రకారము రెండేండ్లకు దక్కువగాక యైదేండ్లవఱకు ఖైదు గలదు. ఏ నేరము నెఱుగని వృద్ధురాలి యింట నత్తగారినాటి తుపాకి దొరకిన, నామె పోలీసులకేమి సమాధానము చెప్పగలదు? అట్టి స్థితి మన కుటుంబములలో నేదానికిని రాకూడదనియే మేమీ వేదికపై నిలిచితిమి.

ఆ సవరణవలననే యొక వ్యక్తికి దుపాకులు రెండింటికి మించరాదు. వారసత్వముగా వచ్చినను నీ మితి దాటరాదు. లైసెన్సు గడువు మూడేండ్లనుండి యైదేండ్లయినది. ఎన్నికల సమయమున నధికారులుత్తరువు చేసినప్పుడు తుపాకి నప్పగించి రసీదు పొందవలయును. అప్పగించుటకు ముందు మంచి నూనె రాచి, తిరిగి వచ్చిననాడే తీసి తుడువుడు. ఉపయోగింప నలవికాని, మరమ్మతునకును లొంగని పురాతనాయుధములకు 45వ విభాగమున మినహాయింపు గలదు. కాని మన తుపాకి యట్టిదో కాదో నిర్ణయించువారము మనము గాము. నూఱేండ్లు దాటిన కళావస్తువులు 1972 పురావస్తుచట్టము క్రిందికి వచ్చును గనుక, విదేశమందున్న కుమారునకు బంపుదమను నూహ వలదు.

వేటనుగూర్చి యొక్క మాట. 1972 వన్యప్రాణిరక్షణచట్టము వచ్చిన పిదప తాతగారి వేటకథలు కథలుగానే యుండవలయును. అభయారణ్యమునకు బదికిలోమీటరులలోపల నివసించు లైసెన్సుదారులు తమ యాయుధమును వన్యప్రాణిశాఖయందు నమోదు చేయింపవలసియున్నది. ఇక వివాహములలో వరుని యూరేగింపున దుపాకి ప్రేల్చు వేడుక కొందఱిలో దలయెత్తుచున్నది. దానికిని 2019 సవరణలో రెండేండ్లవఱకు ఖైదు, లక్షరూపాయలవఱకు జరిమానా గలవు. చట్టము మాట యటుండనిండు. పైకి గాల్చిన గుండు క్రిందికి రాక మానదు. క్రింద నున్నవారు మన చుట్టములే.

కడపటి ప్రశ్న యిది: ఇంత శ్రమపడి దీనిని గాపాడుట యేల? ఒప్పగించి నిశ్చింతగా నుండరాదా? కొందఱికి నదియే యుచితము. లైసెన్సు కోరు వారసుడు లేనివారును, పసిపిల్లలు గల యింట దాళము వేయు వసతి లేనివారును, కోపశీలుడో మద్యపానపరుడో యింట నున్నవారును, తుపాకిని లైసెన్సుగల వర్తకుని ద్వారా విక్రయించుటయో, ఠాణాకు సమర్పించుటయో మేలు. అందులో నవమానము లేదు. తాతగారి గౌరవము ఇనుములో లేదు; న్యాసము నుచితస్థానమున జేర్చుటలో నున్నది. నిలుపుకొన దలచినవారు మాత్రము సగముసగముగా నిలుపుకొనరాదు.

నిలుపుకొనువారు తమ జీవితకాలముననే వారసుని నిర్ణయింపవలయును. లైసెన్సుదారునకు డెబ్బది యేండ్లు వచ్చినను, లేక యాయుధమును ఇరువదియైదేండ్లు కలిగియున్నను, ఏది ముందైన నది, తానే యొక వారసుని బేర్కొని లైసెన్సు నిప్పింప గోరుటకు 2016 నియమములలో నవకాశము గలదు. వారసుడనగా గుమారుడే కానక్కఱలేదు. మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5వ తేదినుండి, దేశమంతట 2005నుండి, పిత్రార్జితమున గుమార్తెలకు సమానస్థానము గలదు. మా కుమారుడు దూరదేశమున నుద్యోగి. తుపాకి యతనికి భారము. మా కుమార్తె చిన్ననాటినుండి మా ప్రక్కన గూర్చుండి ఫ్లానెలుగుడ్డ నందించినది. ఏ నూనె రాయవలయునో, ఏ ముద్ర యేమి చెప్పునో యామె యెఱుగును. సోదరుని సమ్మతితో నామె పేరనే దరఖాస్తు చేసియున్నాము. బంధువులలో గొందఱు ‘తుపాకి యాడుపిల్ల యింటికి బోవునా?’ యనిరి. న్యాసమునకు బాత్రత కావలయును గాని మీసము గావలయునా యని మేమడిగితిమి.

సోదరులారా! మన సంఘము చేయదగిన పని యొకటి విన్నవింతుము. ప్రతి శాఖాసంఘమును దన పరిధిలో బాతతుపాకులున్న కుటుంబములను రహస్యముగాను, మర్యాదతోను విచారించి, లైసెన్సు లేనివారికి న్యాయవాది సలహా నిప్పించి, వారసత్వదరఖాస్తు వ్రాయుటలో సాయపడవలయును. సంవత్సరమున కొకసారి లైసెన్సుగల పనివానిని రప్పించి పరీక్ష చేయింపవలయును. దీనికి బెద్ద నిధి యక్కఱలేదు, శ్రద్ధయే చాలును. అటకమీద మఱవబడిన యొక్క తుపాకిని దీనివలన దెలిసికొని, యొక్క బిడ్డను గాపాడినను మన మహాసభ సార్థకమగును.

 ఇండ్లకు బోయిన పిదప మొదట బీరువా తాళమును, పిదప లైసెన్సుపై గడువుతేదిని జూచుకొనుడని ప్రార్థించుచు విరమించుచున్నాము.